టోపీ మా షాపు చేప కాదు

2023 జూలై. నెల్లూరులో నేను అక్వేరియం షాపు పెట్టి అప్పటికి కొన్నేళ్లయింది. అంతకుముందు విడవలూరు వైపు ఒక రొయ్యపిల్లల హేచరీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. నీళ్లు పరీక్షించే పని అక్కడే నేర్చుకున్నాను. రొయ్యలు చచ్చిపోతే రైతు ముందు మేత అమ్మినవాణ్ణి అనుమానిస్తాడు, తర్వాత పక్క గుంట వాణ్ణి, ఆ తర్వాత రొయ్యపిల్లలిచ్చిన మమ్మల్ని. ఇంట్లో తొట్టి చేపలు చచ్చిపోతే మాత్రం అంత వరస ఉండదు. మొదటి వేలు షాపు వైపే చూపిస్తారు.

ఒక ఆదివారం పొద్దున షాపు తీస్తుండగా ముత్తుకూరు నుంచి పెంచలయ్య ఫోన్ చేశాడు. ఆయన కృష్ణపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఏడో తరగతి చదివే కూతురు కీర్తనను వెంటబెట్టుకుని వచ్చి, ఒక గాజు ట్యాంకు, మూడు గోల్డ్‌ఫిష్‌లు తీసుకుపోయి ఎన్నాళ్లో కాలేదు.

"రెండు చచ్చిపోయినాయి మేడమ్. మీరు రోగం చేపలు అంటగట్టినారు మాకు."

నాకు ఒళ్లు మండింది. కొత్త ట్యాంకులో చేపలు చావడం వింతేమీ కాదు. వాటి మలం నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి నీళ్లలో అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఆ విషాన్ని విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో మెల్లమెల్లగా పెరగాలి. దాన్ని మేం సైక్లింగ్ అంటాం. వారాలు పట్టే పని. అందుకే ట్యాంకు పెద్దదైనా మూడే చిన్న చేపలిచ్చాను. రోజుకొకసారి చిటికెడు మేత చాలు, ఇప్పట్లో కొత్త చేప వెయ్యొద్దు, స్పాంజి కడగొద్దు అని తండ్రికీ కూతురికీ చెప్పే పంపాను. అయినా ఒకేసారి రెండు పోయాయంటే వాళ్లు ఏదో చేసి ఉండాలి. ఇంకో షాపులో చేపలు తెచ్చి కలిపి, నింద నా మీద వేస్తున్నారని అనుకున్నాను. ఈ వ్యాపారంలో అలాంటివాళ్లు తగులుతూనే ఉంటారు.

"చచ్చినవాటిని కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. నీళ్లు మాత్రం మార్చొద్దు. నేనే వస్తా," అన్నాను.

టెస్ట్ కిట్ పెట్టె తీసుకుని మధ్యాహ్నానికి వాళ్లింటికి చేరాను. హాల్లో కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కనే బట్టల సంచీ. కీర్తన అమ్మమ్మనని ఆమే చెప్పింది. మనవరాలు ఫోన్ చేస్తే పొద్దుటే సంగం నుంచి బస్సులో వచ్చిందట. నేను చెప్పులు విడిచేలోపే సంగతంతా నా ముందు పెట్టింది. ఆమె కూతురు, అంటే కీర్తన తల్లి, జబ్బు చేసి పోయింది. ఆ ఏడాది మొదట్లో పెంచలయ్య సుజాత అనే ఆమెను రెండో పెళ్లి చేసుకున్నాడు.

"ఇయ్యాల చేపలకి విషం పోసింది. రేపు బిడ్డకి పొయ్యదని ఏంది నమ్మకం? నువ్వు చూసి చెప్పమ్మా. తేలిందంటే పిల్లని నాతో తీసకపోతా," అంది.

సుజాత అప్పుడే వంటింటి గుమ్మంలోంచి నాకు మంచినీళ్లు తెస్తోంది. ఆ మాటలు విననట్టే గ్లాసు నా చేతికిచ్చి వెళ్లిపోయింది. "అత్తా, ఊరుకో," అన్నాడు పెంచలయ్య. కానీ ఆ గొంతులో బలం లేదు. అతనికీ ఏదో అనుమానం ఉందని నాకనిపించింది. చేపల సంగతి తేల్చడానికి వచ్చినదాన్ని, ఒక ఇల్లాలి మీద తీర్పు చెప్పాల్సిన చోట నిలబడ్డాను.

ట్యాంకులో మిగిలిన ఒక్క చేపా నీటి పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటోంది. నేను నీళ్లు తీయడానికి వంగగానే కీర్తన పక్కకు వచ్చి నిలబడింది.

"మేడమ్, విషం టెస్ట్ చేస్తారా?" అని మెల్లగా అడిగింది.

"విషాలన్నీ పట్టే కిట్టు నా దగ్గర లేదమ్మా. ఎందుకడుగుతున్నావు?"

"తెల్లారి ఎవురూ లేవకముందే సుజాత ఆంటీ ట్యాంకులో చెయ్యి పెడతా ఉంది. నేను చూసినా. అడిగితే ఏం లేదు, పోయి పండుకో అనింది. ఆ తర్వాతే టోపీ మచ్చ మారిపోయింది."

టోపీ అంటే ఆ మిగిలిన చేప. తెల్లటి ఒళ్లు, తల మీద ఎర్రటి మచ్చ ఉండే రకం. మిగతా రెండింటికి బజ్జీ, లడ్డూ అని పేర్లు పెట్టుకుందట.

"మారిపోవడం ఏంటి?"

"ఎడం కంటి మీదికి జారి ఉండేది కదా. ఇప్పుడు తిన్నగా ఉండాది. ఏదో మందు పోసుంటుంది. దానికే రంగు కరిగిపోయింది."

నేను మోకాళ్ల మీద కూర్చుని గాజులోంచి చూశాను. ఆ పిల్ల చెప్పింది నిజం. షాపులో అన్ని చేపల మధ్య దాన్నే ఎందుకు ఏరుకుందో నాకు బాగా గుర్తుంది. ఆ మచ్చ పక్కకు ఒరిగిన టోపీలా ఉందని నవ్వింది. ఈ చేప మచ్చ మాత్రం నడినెత్తిన బొట్టు పెట్టినట్టుంది. రంగు కరిగితే పలచబడుతుంది గాని చోటు మారదు. ఇది నేనమ్మిన చేప కాదు.

నా అనుమానమే నిజమైందని లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. "ఈ చేప ఎక్కడ కొన్నారు?" అని పెంచలయ్యను అడిగాను. అతను నావైపు అయోమయంగా చూశాడు. "మీ కాడే కదా మేడమ్." ఆ ముఖంలో అబద్ధం లేదు. కూతురికీ తెలియదు. ఇక మిగిలింది ఒక్కరే.

ముందు నీళ్ల సంగతి తేల్చుకుందామని కిట్ తెరిచాను. కొళాయి నీళ్లలో ఉండే క్లోరిన్ చేప మొప్పల్ని కాల్చేస్తుంది. అది లేదు. క్లోరిన్‌ను విరిచేందుకు నేనిచ్చిన మందుచుక్కలు సరిగానే వాడారు. తర్వాత అమోనియా. నీళ్లు బాగుంటే ఆ గొట్టంలో పసుపు రంగు నిలవాలి. చూస్తుండగానే ఆకుపచ్చగా మారి, ముదిరిపోయింది. మూడు చిన్న చేపలకి అంత అమోనియా ఎలా వచ్చిందా అని ఫిల్టర్ విప్పాను. స్పాంజి కొత్త గుడ్డలా తెల్లగా ఉంది. నెలల తరబడి రావాల్సిన మేత డబ్బా అడుగంటింది. ఫ్రిజ్‌లోని రెండు చేపలూ మావే. మొప్పలు కమిలిపోయి జిగురు పట్టి ఉన్నాయి.

బకెట్ కోసం పెరట్లోకి వెళ్లాను. సుజాత వెనకాలే వచ్చింది. గోడ మీద బోర్లించిన గిన్నెల చాటున ఒక మందపాటి పాలిథిన్ కవరు, దాని మెడకు రబ్బరు బ్యాండు ఉన్నాయి. చేపల్ని గాలి నింపి కట్టిచ్చే కవరది.

"సుజాతా, ఆ పాత టోపీ ఏమైంది?"

ఆమె హాలు వైపు చూసి, కొళాయి తిప్పింది. ఆ చప్పుడులో మాట్లాడింది.

"తెచ్చిన వారంలోనే చచ్చిపోయిందక్కా. తెల్లారి నేనే చూసినా. కీర్తన లేచి చూస్తే ఏమైపోతుందో అని భయమేసింది. వాళ్లమ్మ పోయినాక ఆ పిల్ల ఎవురితోనూ సరిగ్గా మాట్లాడదు. ఆ చేపకి మాత్రం బడిలో జరిగిందంతా చెప్తుంది. నేను గుమ్మం కాడ నిలబడి విని, ఆ పిల్ల గురించి తెలుసుకునేదాన్ని. అందుకని ఆ పిల్ల బడికి పోయినాక నెల్లూరు పోయి అట్టాంటిదే వెతికి తెచ్చినా. మీ షాపుకొస్తే ఆయనకి తెలిసిపోతుందని వేరే షాపుకి పోయినా. అదీ పోయింది. ఇప్పుడుండేది మళ్లీ నేను తెచ్చిందే."

"స్పాంజి?"

"మురికికే చస్తా ఉండాయేమో అని రోజూ సబ్బు లేకుండా కడిగినా. ఆకలికేమో అని తెల్లారి ఇంత మేత వేసేదాన్ని."

బ్యాక్టీరియా పుట్టడానికి చోటే లేకుండా పోయింది. మేత కుళ్లి నీళ్లు విషమయ్యాయి. ఆ నీళ్లలోకి కొత్త చేపలొచ్చి పడ్డాయి. ఆ పిల్ల అనుమానించినట్టు విషం పెరిగిందీ నిజమే, అది సుజాత చేతి మీదుగానే పెరిగిందీ నిజమే.

"అక్కా, నీళ్లు బాగలేవని మాత్రం చెప్పండి. చేప మార్చినట్టు చెప్పొద్దు."

"నీళ్లు బాగలేవంటే, ఎవరు పాడు చేశారని అడుగుతుంది ఆ పెద్దావిడ. నువ్వు చెయ్యి పెట్టడం పిల్ల చూసింది. నేను చెబితే నిన్ను కాపాడటానికి చెప్పాననుకుంటారు. నువ్వే చెప్పాలి."

ఆమె కొళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని హాల్లోకి నడిచింది. గోడకు ఆనుకుని నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా మొత్తం చెప్పింది.

పెంచలయ్య తల దించుకున్నాడు. "డ్యూటీ నుంచి వచ్చినాక నేను కూడా ఇంత మేత వేస్తా ఉండినా," అన్నాడు. నేను మాత్రం కీర్తననే చూస్తున్నాను. ఏడ్చి సుజాతను కావలించుకుంటుందని నేను కూడా అమాయకంగా ఎదురుచూశాను. ఆ పిల్ల ముఖం కోపంతో ఎర్రబడింది.

"అయితే టోపీ ఎప్పుడో చచ్చిపోయిందా? మరి నేను ఇన్ని రోజులు ఎవురితో మాట్లాడినా?"

తండ్రి వైపు తిరిగి మళ్లీ తనే అంది.

"అమ్మప్పుడు కూడా అంతే. ఆస్పత్రిలో బాగుండాదని చెప్తా వచ్చినారు. అందరూ చెప్పినారు."

అమ్మమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెంచలయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. సుజాత కదల్లేదు. "తప్పే చేసినా," అంది. "నీకు చెప్పుండాల్సింది."

కీర్తన ఆమె వైపు తిరిగింది. "దాన్ని యాడ పడేసినావు?"

"పడెయ్యలా. మందారచెట్టు కింద పెట్టినా. రా, చూపిస్తా."

ఆ పిల్ల ముందు కదల్లేదు. తర్వాత ఆమె వెనక పెరట్లోకి వెళ్లింది. నేను వెళ్లలేదు. ట్యాంకులోంచి మూడోవంతు నీళ్లు తోడి, మందుచుక్కలు కలిపిన కొత్త నీళ్లు పోశాను. కాసేపటికి కీర్తన తిరిగొచ్చి మగ్గు నా చేతిలోంచి తీసుకుంది. ఆ చేపకు ఇప్పుడు ఏం పేరు పెడతావని నేను అడగలేదు. రోజూ అంతే నీళ్లు మార్చాలని, నేను చెప్పేదాకా మేత పెట్టొద్దని చెప్పాను. మర్నాడు మా షాపు పాత ట్యాంకులోని స్పాంజి ముక్క పంపాను. బురద పట్టి ఉన్న ఆ ముక్కను చూసి సుజాత ఫోన్ చేసింది. "అక్కా, ఇది కడగాల్నా?" కడిగితే నేనే వచ్చి కొడతానని నవ్వాను. ఆ బురదలోనే బ్యాక్టీరియా ఉంటుంది.

అమ్మమ్మ మాత్రం వెంటనే నమ్మలేదు. నాలుగు రోజులుండి కళ్లారా చూసే పోతానంది. చూసింది. తర్వాత సంగం బస్సు ఒక్కతే ఎక్కిందని పెంచలయ్య ఫోన్‌లో చెప్పాడు. చేప బతికింది.

కొన్ని నెలలకు సుజాత, కీర్తన కలిసి షాపుకొచ్చారు. అప్పటికీ కీర్తన ఆమెను ఆంటీ అనే పిలుస్తోంది. నీళ్ల పరీక్ష బాగుంది కాబట్టి ఇంకో చేప తీసుకోవచ్చని చెప్పాను. కీర్తన చాలాసేపు వెతికి నల్లటిది ఒకటి ఎంచుకుంది. కవరు వెలుతురుకు ఎత్తి చూస్తూ, సుజాతను అడిగింది.

"ఇది చచ్చిపోతే చెప్తావా?"

"చెప్తా. నిన్ను లేపి చెప్తా," అంది సుజాత.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఎన్ని చచ్చాయని అడిగే ముందు ఎన్ని వేశారని అడుగుతాను. ఇంట్లోవాళ్లను విడివిడిగా అడుగుతాను. నా దగ్గర దాచేవాళ్లంతా మోసగాళ్లని అనుకోవడం మానేశాను. చేపలు చచ్చే చోట భయంతో దాచేవాళ్లుంటారు, ప్రేమతో దాచేవాళ్లూ ఉంటారు. ఎందుకు దాచినా నీళ్లకు తేడా తెలియదు, తర్వాతి చేప కూడా చస్తుంది. కొత్త ట్యాంకు ఇచ్చేటప్పుడు మేత గురించి, స్పాంజి గురించి చెప్పాక, పిల్లలున్న ఇంటివాళ్లకు ఇంకొక మాట చెబుతాను. చేప చచ్చిపోతే తీసేసే ముందు పిల్లల్ని పిలిచి చూపించండి అని.