బొమ్మను పలకరించడం

ఒక శనివారం సాయంత్రం దాకా సాయిచంద్ నోట వచ్చినవి రెండే మాటలు: "చిల్లర లేదు." అవీ ఆటో డ్రైవరుతో అన్నవి.

కరీంనగర్‌లో అతను అద్దెకుండే గదికి ఎవరూ రారు. పుట్టి పెరిగింది సిరిసిల్లలో. డిగ్రీ చదువుతూనే తండ్రి అంజన్నతో కలిసి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశాడు. ఆ షెడ్డులో మాట పనికిరాదు. పక్కమనిషి చెవిలో అరిచినా మగ్గాల మోతలో కొట్టుకుపోతుంది. చాయ్ కావాలంటే బొటనవేలు పెదవికి తాకించాలి. పోగు తెగితే రెండు వేళ్లు విడదీసి చూపాలి. నోటితో పని లేకుండా రోజులు గడపడం సాయిచంద్‌కు అక్కడే అలవాటైంది. ఆర్డర్లు తగ్గి సగం షెడ్డు మూతపడ్డాక అంబులెన్స్ టెక్నీషియన్ శిక్షణలో చేరాడు.

చేతి పనిలో అతనికి వంక పెట్టేవాళ్లు లేరు. మొదటి ప్రాక్టికల్ పరీక్షలో, నేల మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మకు నాడి చూశాడు, ఛాతీ నొక్కాడు, ఊపిరి అందించాడు, లేచి నిలబడ్డాడు. పరీక్ష పెట్టే డాక్టర్ బాలకిషన్‌రావు చేతిలోని కాగితం చూసి నిట్టూర్చాడు.

"చేసినవు బాబూ, నేను చూసిన. కాని ఒక్కటన్న నోటితోని చెప్పలే. చెప్పనిది చేయనట్టే. గదే రూలు."

ఫెయిలయ్యాడు. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే శిక్షణ నుంచి పేరు కొట్టేస్తారు. ఆపైన మళ్లీ సిరిసిల్ల షెడ్డే, అది తెరిచి ఉంటే.

బయట ఆకాశ్ ఎదురొచ్చాడు. అతనిదీ అదే బ్యాచ్. "ఏందిరా, మూగనోము పట్టినవా? బొమ్మ ముంగట గూడ సిగ్గేనా?"

అందరూ నవ్వారు. సాయిచంద్ కూడా నవ్వాడు. నవ్వులయ్యాక వాళ్లు చాయ్‌కు పోయారు. అతన్ని రమ్మనాలని ఎవరికీ తట్టలేదు.

పాఠాలు చెప్పే మమతారాణి ఆదిలాబాద్ అడవి దారుల్లో ఏళ్లపాటు అంబులెన్స్‌లో తిరిగిన మనిషి. ఆమె పిలిచి కూర్చోబెట్టింది.

"బండి ఎనుక రోగి, నువ్వు, అంతే. డ్రైవర్‌కు నువ్వు కనవడవు. చెప్పకుంట సూది తీస్తే రోగి బెదిరి చెయ్యి గుంజుకుంటడు. ఇంట్ల ఎవలన్న ఉంటే పండవెట్టి, చెప్పుకుంట చెయ్యి. అలవాటైతది."

"ఇంట్ల ఎవ్వలు లేరు మేడం."

"దోస్తులు?"

అతను నేల చూశాడు.

"సరే, మెత్తనన్న పండవెట్టు పో," అందామె.

ఆ సాయంత్రమే చాప మీద తలగడ పెట్టాడు. కాళ్లకు బదులు బొంత చుట్టి కింద అమర్చాడు. "అన్నా, నేను అంబులెన్స్ నుంచి వచ్చిన. నా పేరు సాయిచంద్." ఆ పేరు ఎవరో వేరేవాళ్లది అన్నట్టు వినిపించింది. వారం తిరిగేసరికి మాటలు వరసలో పడ్డాయి. పడ్డాక ఆగలేదు. కట్టు కట్టడం అయిపోయినా తలగడకు ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. పొద్దున తిన్న ఉప్మాలో ఉప్పు ఎక్కువైందనీ, ఎండలకు మానేరులో నీళ్లు తగ్గాయనీ, ఫోన్ చేస్తే, మగ్గాల మోతకు చెవులు మందగించిన బాపు ఏమీ వినపడక అవ్వ చేతికి ఇచ్చేస్తున్నాడనీ.

కింది వాటాలో ఉండే ఇంటావిడ జానకీబాయి ఒకరోజు తలుపు తట్టింది. ఆమెది ఆదిలాబాద్, మాటలో మరాఠీ కలుస్తుంది.

"కాయ్ రే, ఎవలొచ్చిండ్రు? రోజు ముచ్చట్లు వినవడుతున్నయ్. ఒక్కనికే కదా గది ఇచ్చింది!"

"ఎవ్వలు రాలే అమ్మా. పరీక్ష కోసం... మెత్తతోని మాట్లాడుతున్న."

ఆమె లోపలికి తొంగిచూసింది. తలగడ చెద్దరు కప్పుకుని పడుకుంది. బొంతకు రెండు చెక్కబద్దలు కట్టి ఉన్నాయి.

"జల్ది పెండ్లి చేసుకో కొడుకా. గీ మెత్త నీకు జవాబియ్యది," అని మెట్లు దిగిపోయింది.

రెండు రోజులు గదిలో చప్పుడు లేదు. మూడోరోజు మళ్లీ మొదలుపెట్టాడు, గొంతు తగ్గించి.

రెండో పరీక్షకూ బాలకిషన్‌రావే వచ్చాడు. "రోడ్డు ప్రమాదం. కుడికాలు విరిగింది. మనిషి సోయిలనే ఉన్నడు, మాట్లాడుతుండు. కానియ్యి," అని గడియారం చూసుకున్నాడు.

సాయిచంద్ బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మాట వచ్చింది.

"అన్నా, కదలకు. నేను సాయిచంద్, అంబులెన్స్ నుంచి వచ్చిన. ముందుగాల పాదం కాడ నాడి చూస్తున్న... ఆడుతుంది. ఇగ బద్దలు కడుత. నొస్తది, జర ఓర్చుకో. పరేషాన్ గాకు, దవాఖాన దాక నీతోనే ఉంట." చేతులు కట్టు కడుతుంటే నోరు ఆగలేదు. "ఒక్కనివే వచ్చినవా అన్నా? తోడు ఎవ్వలు లేరా? ఎవలకన్న ఫోన్ చేయమంటవా?"

డాక్టర్ రాయడం ఆపి తలెత్తాడు.

సాయిచంద్ చివరి ముడి వేశాడు. "అయిపోయింది సార్."

"అయిందా?"

అడిగిన తీరుకే తప్పు తట్టింది. కట్టు కట్టాక పాదం దగ్గర నాడి మళ్లీ చూడాలి. బిగువుకు రక్తం ఆగిపోతే కాలే పోతుంది. అతను చూడలేదు. చెయ్యి చాచేలోపు డాక్టర్ సమయం అయిపోయిందన్నాడు.

"పోయినసారి చెయ్యి ఆడింది, నోరు ఆడలే. గీసారి ముచ్చట్ల పడి చెయ్యిని మరిచినవు. బయట కూసో."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మొదటిసారే పాసైన ఆకాశ్ కాస్త దూరంలో నిలబడి, తనకు కరీంనగర్‌లోనే బండి ఇస్తున్నారని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు. సాయిచంద్ కూడా ఫోన్ బయటికి తీశాడు. కాసేపు పట్టుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

చాలాసేపటికి మమతారాణి వచ్చింది. "నాడి కాడ మార్కులన్ని కోసిండు. రోగితోని మాట్లాడిన దానికి నిండుగ వేసిండు. గింత ముచ్చట ఎన్నడు నేర్సినవురా?"



పాసవ్వాలంటే డెబ్బై రావాలి. డెబ్బై ఒకటి వచ్చాయి. సోమవారం నుంచి ఆసిఫాబాద్ అవతల ఒక మండలంలో డ్యూటీ. అక్కడ అతనికి తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ముందు ఒక గది వెతుక్కోవాలి.