బియ్యం ఏరడం అంటే

మొన్న పాపకు టీకా వేయించడానికి షాద్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాను. నర్సు దూదితో స్పిరిట్ రుద్దగానే ఆ చల్లని ఘాటు ముక్కుకు తగిలి, సుగుణ మేడం గుర్తొచ్చారు. నల్లగొండ డిగ్రీ కాలేజీలో ఆమె మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. ల్యాబులో బల్లలన్నీ స్పిరిట్‌తో ఆమే తుడిచేవారు.

మేడంది హాలియా దగ్గరి పల్లె. తల్లి రైసుమిల్లులో కూలిచేసి చదివించిందట. ఒకరోజు ఆమె చెప్పిన పాఠానికి నా ఒళ్లు జలదరించింది. సూక్ష్మజీవి ఒంట్లో చొరబడగానే, దాన్ని పట్టుకునే బి-కణాలు గబగబా పిల్లల్ని పెడతాయట. పెట్టే ప్రతిసారీ జన్యువుల్లో అక్షరాలు మారిపోతాయట. ఆ మార్పు గుడ్డిది. చాలా కణాలు చెడిపోతాయి, కొన్ని మాత్రం సూక్ష్మజీవిని మరింత గట్టిగా పట్టుకుంటాయి. అడవిలో యుగాలు పట్టే పరిణామం చేతికి పుండైతే మన చంకలో కట్టే బిళ్లలో కొన్ని వారాల్లో అయిపోతుంది. "జరమొచ్చి పండుకున్నోళ్ల లోపల గింత పని నడుస్తాంది" అన్నారు మేడం. ఆ రోజు ఇంటికి పోయి నా చేతిని నేనే చాలాసేపు చూసుకున్నాను.

ఆ పిచ్చితోనే హైదరాబాదులో పరిశోధనకు చేరాను. ఆ కణాల మందను కంప్యూటర్‌లో పెంచి, తరతరానికీ ఏం మారుతుందో లెక్కగట్టడం నా పని. రెండేళ్లయినా లెక్క కుదరలేదు. నా దగ్గర పది తరాలు తిరిగేసరికి ఒక్క కణం సంతానమే మిగిలేది. ప్రయోగశాలలో చూస్తే ఎన్నో వంశాలు కలిసి బతుకుతున్నాయి. నెలాఖరులోగా తేల్చకపోతే అంశం మార్చుకోమన్నారు మా గైడు. మార్చుకుంటే గడువు చాలదు, చదువు మానడమే. మేడంని కలవడానికి నల్లగొండ బస్సెక్కాను.

మేడం అప్పటికే రిటైరయ్యారు. వాకిట్లో చాట ముందేసుకుని కూర్చుని నా గోడు మొత్తం విన్నారు. ప్రతి తరంలో ఏం చేస్తున్నావని అడిగారు. పుస్తకంలో ప్రకృతి వరణం అని చదువుకున్నదాన్ని, వరణమంటే ఎంచుకోవడమే కదా, అందుకే అన్నిటికన్నా గట్టిగా పట్టుకునేవాటిని ఎంచి వాటినే పెంచుతున్నానని చెప్పాను. చాట నా ఒళ్లో పెట్టి బియ్యం ఏరమన్నారు. కాసేపటికి పిడికిలి విప్పమన్నారు.

"ఏం ఏరుమన్న?"

"బియ్యం, మేడం."

"మరి చేతిలేమున్నయి?"

నాలుగు రాళ్లు, ఒక మట్టిపెళ్ల.

"బియ్యం ఏరుడంటే రాళ్లు తీసుడు బిడ్డా. మంచి గింజను ఎవ్వలు ఎంచరు. నువ్వు ఒక్క గింజను పట్టుకొని చాటంత పారబోస్తున్నవ్."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అంటున్న మాటలో ఇంత ఉందా అనుకున్నాను. తిరిగొచ్చి, పట్టు బొత్తిగా తప్పిన కణాలే పోయేలా, మిగిలినవన్నీ బతికేలా లెక్క మార్చాను. తెరమీద వంశాలు పక్కపక్కనే నిలిచాయి, ప్రయోగశాలలో లాగే. దండం పెట్టాలనిపించింది. మేడంకా, ఆ కణాలకా తెలియలేదు.

పట్టా చూపించడానికి వెళ్లినప్పుడు, అంతమందిలో నన్నే ఎంచుకుని, దగ్గర కూర్చోబెట్టి ఎందుకు చదివించారని మేడంని అడిగాను. నేను ఫస్టు వచ్చినదాన్ని కాదు, మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు తప్పినదాన్ని.

మేడం నవ్వారు. "నిన్ను ఎంచలేదు బిడ్డా. పారెయ్యలేదు, గంతే."

ఇప్పుడు మేడం లేరు. నేనూ పాఠం చెబుతున్నాను. తప్పిన పేపరు పట్టుకుని ఎవరైనా గుమ్మం దగ్గర ఆగిపోతే, లోపలికి పిలిచి ముందు కూర్చోమంటాను.