రత్నానికి రాని ఆట

తన సంసారానికి తానే నిప్పు పెట్టుకుని, ఆ మంట పక్కనే కుర్చీ వేసుకుని, కాళ్ళూపుకుంటూ కూర్చున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడలేదంటే ఎనభైల చివర్లో మీరు ఖరగ్‌పూర్‌లో లేరన్నమాట. ఉండి ఉంటే, ఒక మంగళవారం సాయంత్రం హరిపద దాదా బారులో, జరగబోయే ఘోరం ఇంకొకడికి అనుకుని మీసాల చాటున నవ్వుకుంటున్న నన్ను చూసేవారు. ఆ ఘోరం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం ఇబ్బంది లేదు. ఈ కథకి మా ఆవిడ మాత్రం ఇప్పటికీ నవ్వదు.

అన్నిటికీ మూలం రత్నం. రత్నం గూడ్సు బండి గార్డు. నేను వర్క్‌షాపులో గుమస్తాను. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మావి ఎదురెదురు గుమ్మాలు. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం, మాది శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే కొలిమి దగ్గర కుదురుకున్న కుటుంబం. చిన్నప్పటినుంచి ఒకే బడి, ఒకే మైదానం. అయితే ఆ మైదానంలో గోల్ కొట్టేది వాడు, గోడ అవతల పడిన బంతి తెచ్చేది నేను.

వాడు ఎక్కడుంటే అక్కడే నలుగురూ చేరేవారు. చర్చిలో పాట వాడిదే. రైల్వేవాళ్ళ క్లబ్బైన ఇన్‌స్టిట్యూట్‌లో క్యారమ్స్ పోటీ పెట్టేది వాడే. దుర్గాపూజ వస్తే బెంగాలీలు పిలిచి మరీ డోలు వాడి మెడలో వేసేవారు. అంతెందుకు, నా పెళ్ళి ఫోటోలు తీసి చూడండి. మధ్యలో పళ్ళికిలించుకుని రత్నం ఉంటాడు. పెళ్ళికొడుకు ఎవరని చుట్టాలడిగితే మా అమ్మ వేలు పెట్టి వెతికేది.

పోనీ వాడు చెడ్డవాడా అంటే అదీ కాదు. పక్కవాడి మీద అసూయపడాలంటే వాడిలో ఒక్క లోపమైనా ఉండాలండీ. అప్పుడే మనసుకు హాయిగా ఉంటుంది. రత్నం నాకు ఆ హాయి కూడా మిగల్చలేదు.

అలాంటి రోజుల్లో మా వీధి చివరనుండే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు, డిక్రూజ్ దొర, రిటైరై ఊరు వదిలి వెళ్ళిపోతూ సామాన్లు పంచేస్తున్నాడు. నేను వెళ్ళేసరికి ఒక చెక్కపెట్టె మిగిలింది. తెరిస్తే లోపల ఎరుపూ నలుపూ ముక్కోణాలు, గుండ్రటి బిళ్ళలు, పాచికలు.

"ఏటి సార్ ఇది?"

"బ్యాక్‌గామన్, మ్యాన్. పాచికలేసి ఆడతారు."

నా నోట్లోంచి వచ్చిన రెండో ప్రశ్న ఏమిటో మీరు ఊహించే ఉంటారు.

"రత్నానికి వచ్చా సార్ ఈ ఆట?"

"నో నో. ఈ కాలనీలో నాకు తప్ప ఎవరికీ రాదు."

ఆ మాట నా చెవులకు సన్నాయిలా వినిపించింది. దొర బండెక్కేలోగా ఆయన వరండాలో కూర్చుని ఆట నేర్చేసుకున్నాను. కష్టమేమీ కాదు. పాచికల్లో పడినన్ని గళ్ళు బిళ్ళలు నడపాలి, ఒంటరిగా దొరికిన ఎదుటివాడి బిళ్ళను కొట్టాలి, మనవన్నీ ముందుగా ఇంటికి చేర్చి బయటపడాలి.

ఇక ఈ ఆటను వారం వారం పెట్టి పదిమందికి గురువునైపోవాలి. ఎక్కడ పెట్టాలి? ఇన్‌స్టిట్యూట్ రత్నం రాజ్యం. టీ కొట్టు వాడి రాజధాని. బాగా ఆలోచిస్తే, చుక్క ముట్టని ఆ చర్చి మనిషి అడుగు పెట్టని చోటు ఊళ్ళో ఒక్కటే కనబడింది. గోల్‌బజార్ వెనక హరిపద దాదా బారు. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే భుజం తట్టుకున్నాను.

మంగళవారం సగం ఊరు ఆంజనేయస్వామి భక్తులు కాబట్టి ఆ పూట బారు ఖాళీ. పెట్టె చంకన పెట్టుకుని దాదా ముందు నిలబడ్డాను.

"జువా నాకు వద్దు బాబా," అన్నాడు దాదా, తనకొచ్చిన తెలుగులో. "పోలీస్ వస్తాది."

"జూదం కాదు దాదా, బుర్ర ఆట. ఇలా సూడు. పెట్టె మధ్యనున్న ఈ పట్టీ పేరేటో తెలుసా? బార్! దెబ్బ తిన్న బిళ్ళ ఈ బారులోనే కూకోవాల."

దాదా తన బారులో కూర్చున్న ఇద్దరు ముగ్గురి వంక చూసి నిట్టూర్చాడు. "ఠీక్ హై. ఇక్కడ కూడా అంతే."

ఇంట్లో పార్వతికి మాత్రం ప్రతి మంగళవారం యూనియన్ మీటింగని చెప్పాను. బారంటే ఆవిడకి భయం, ఆవిడంటే నాకు భయం. పాపం, పార్వతి ఆ మాట నమ్మడమే కాదు, కుళాయి దగ్గర నలుగురికీ చెప్పుకుంది. "మా ఆయన లేకపోతే మీటింగే అవదట!"

మొదటి మంగళవారం ఆటకొచ్చినవాళ్ళం నేనూ, వెయిటర్ గోపాలూ. తర్వాత వర్క్‌షాపు ఫిట్టర్ అప్పన్న వచ్చాడు. ఇందా అనే పేట నుంచి సైకిలు తొక్కుకుంటూ ముఖర్జీ మాస్టారు వచ్చారు. ఆయన తన స్నేహితుల్ని తెచ్చారు. నెల తిరిగేసరికి నేను లోపలికి రాగానే "ఎషో గురూజీ, రండి రండి" అనేవారు. గురూజీ! మా ఆఫీసులో ఫ్యాను కూడా నా మాట వినేది కాదు, అలాంటిది ఇక్కడ మాస్టారంతటివాడు పాచికలు పట్టుకుని "ఇప్పుడేం చెయ్యాలి గురూజీ?" అని అడుగుతున్నాడు. మంగళవారం వస్తే చొక్కా ఇస్త్రీ చేయించేవాడిని. మీటింగ్ కదండీ మరి.

ఒక మంగళవారం తలుపు తెరుచుకుంది. మొహం నిండా నవ్వుతో రత్నం.

"ఒరే సింహాచలం! ఇంత మంచి ఆట పెట్టి నాకు సెప్పలేదేటిరా? అప్పన్న సెప్తే తెలిసింది."

"నువ్వు బారులోకి రావు కదాని..." అని నసిగాను.

"ఏం, ఈళ్ళు నిమ్మకాయ సోడా అమ్మరా ఏటి?"

అంత పెద్ద పథకం వేసిన నేను, లోకంలో నిమ్మకాయ సోడా అనేది ఒకటుందని మరిచిపోయాను.

వాడు ఒక గ్లాసు సోడా తాగేలోగా ఆట నేర్చుకున్నాడు. రెండో గ్లాసుకి నన్ను ఓడించాడు. పాచికలు గలగలలాడిస్తూ పాటెత్తుకునేవాడు, పడగానే బండి కదిలేటప్పుడు గార్డు ఊదినట్టు ఈల వేసేవాడు. పక్క బల్లలవాళ్ళు గ్లాసులతో సహా లేచి వచ్చేవారు. రెండు వారాలకి ఆంజనేయస్వామి భక్తులు కూడా సోడాలు తాగడానికి దిగబడ్డారు. మూడో వారానికి నాకు కూర్చోడానికి చోటు లేదు. నా పెట్టె, నా ఆట, నా మంగళవారం, నేను మాత్రం మునివేళ్ళ మీద నిలబడి జనం భుజాల మీదుగా తొంగి చూడడం! దాదా వేయించిన చేపముక్కలు రత్నం ముందు పెట్టి, నా ముందు మెత్తబడిన చనాచూర్ మిక్చరు పెట్టేవాడు. కడుపుమంటకు ఈనో తాగి చూశాను. ఈనో కూడా ఓడిపోయింది.

అప్పుడు దాదా ఒక ప్రకటన చేశాడు. వచ్చే మంగళవారం పోటీ, గెలిచినవాళ్ళకి ఇత్తడి కప్పు.

"కప్పుకి పేరేటి పెడతావు దాదా?" అన్నాను, జుట్టు సవరించుకుంటూ.

"ఇందులో సోచ్‌నా క్యా హై, ఆలోచించేదేముంది? రత్నం దాదా కప్!"

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. తెల్లారేసరికి నా బుర్రలో ఒక దివ్యమైన దుర్బుద్ధి పుట్టింది. రత్నం భార్య సరోజిని వదిన బడిపంతులమ్మ. ఆదివారం చర్చిలో పిల్లలకి మంచీ చెడూ చెప్పేది ఆవిడే. ఆవిడ కళ్ళద్దాలు తీసి చూస్తే పెద్దవాళ్ళు కూడా చేతులు కట్టుకునేవారు. మొగుడు బారుకు పోతున్నాడని ఆవిడకి తెలిస్తే చాలు. రత్నం చాప్టర్ క్లోజ్.

వాడు డ్యూటీకి పోయిన వేళ చూసి ఎదురింటికి వెళ్ళాను. వదిన వరండాలో బియ్యం ఏరుతోంది. నేను చావు కబురు తెచ్చినవాడిలా మొహం వేలాడేశాను.

"ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదా?"

"నాకేటి వదినా, బాగానే ఉన్నాను. మన రత్నం గురించే బెంగ. సెప్పకూడదు గాని, మంగళవారం మంగళవారం హరిపద దాదా బారుకి పోతన్నాడు."

ఆవిడ చేట పక్కన పెట్టింది. "నీకెలా తెలిసింది?"

"అటేపు పోతా సూసినాను."

"ప్రతి మంగళవారం అటేపే పోతన్నావా?"

"అంటే... గాలి కోసం..."

"లోపల ఏటి సేస్తాడో తెలుసా?"

"పాచికలాట వదినా! గోడవార పెద్ద బల్ల. ఎదురుగా ముఖర్జీ మాస్టారు, పక్కన అప్పన్న. రత్నం ముందు చేపముక్కలు. వేడివి!" ఆ చివరి మాట కొంచెం గట్టిగానే అన్నాను.

"బయట నించుంటే ఇవన్నీ కనబడతాయా?"

"కిటికీ పెద్దది వదినా."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. ఆ జాలి తనమీద తనకే అనుకున్నాను. "సరే బాబూ, నువ్వు బాధపడకు. నాను సూసుకుంటాను," అంది.

మంగళవారం నేను అందరికంటే ముందు వెళ్ళి, తలుపు బాగా కనబడే కుర్చీలో కూర్చున్నాను. పోటీ మొదలైంది. అదృష్టం చూడండి, ఆఖరి ఆటకు మిగిలింది నేనూ, రత్నమూ. జనం గోడల దాకా నిండిపోయారు. వాడు ఎంత బాగా పాచిక వేసినా నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. నా కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. సరోజిని వదిన! నా గుండె పండగ చేసుకుంది. వదిన పక్కకు జరిగింది. వెనకాల చేతిసంచీ పట్టుకుని పార్వతి. నా గుండె పండగ ఆపేసింది.

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, రత్నం మొదటిరోజే ఇంటికి వెళ్ళి తాను బారుకెళ్ళిన సంగతి భార్యకి చెప్పేశాడట. దాపరికం లేని దౌర్భాగ్యుడు! అట్టముక్క మీద గళ్ళు గీసి ఆవిడకి ఆట కూడా నేర్పాడట. ఆట పెట్టింది నేనని మాత్రం ఆ ఊపులో చెప్పడం మరిచాడట. కాబట్టి నా మాటల్లో వదినకి కొత్తగా తెలిసింది ఒక్కటే. పాపం సింహాచలం ప్రతి మంగళవారం బారు కిటికీ దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళే ధైర్యం చాలక, ఇతరుల చేపముక్కలు చూస్తూ గడుపుతున్నాడు! ఆ జాలి కొద్దీ మా ఇంటికి వెళ్ళి, "మీ ఆయనకి ఏదో దిగులు పట్టుకుంది పార్వతీ, రా, ఇద్దరం ఎల్లి లోపల కూకోబెట్టి ఇంత తినిపిద్దాం" అని తీసుకొచ్చింది.

పార్వతి బల్ల వంక చూసింది. నా వంక చూసింది.

"ఏటండీ, యూనియన్ మీటింగ్ ఇక్కడా?"

"అదే... ఇప్పుడే అయింది... దారిలో ఓసారి తొంగి సూద్దామని..."

గోపాల్ పరుగున వచ్చి కుర్చీ లాగాడు. "బైఠియే భాభీజీ! గురూజీ తో హర్ మంగల్‌వార్ సబ్‌సే పహలే ఆతే హై!" ప్రతి మంగళవారం అందరికంటే ముందొచ్చేది నేనేనని పార్వతికి అర్థమవడానికి ఆ హిందీ సరిపోయింది.

నేను చిక్కుల్లో పడ్డానని రత్నం కనిపెట్టాడు. స్నేహితుణ్ణి ఆదుకోవాలి కదా! లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, గూడ్సు బండి ఇంజను దాకా వినబడే గొంతుతో మొదలుపెట్టాడు.

"పార్వతమ్మా, నీకు తెలీదు గాని, నీ మొగుడు మామూలోడు కాడు! ఈ ఆట ఈ ఊరికి తెచ్చిందే ఈడు. ఈ బారులో మంగళవారం పెట్టిందే ఈడు. మా అందరికీ నేర్పింది ఈడే. ఈ కప్పుకి నా పేరెందుకు? సింహాచలం కప్పని పెట్టాల!"

చూశారా? ఏ మాట వినడం కోసం నేను వారాల తరబడి కుమిలిపోయానో, ఆ మాట వాడు నిండు సభలో అన్నాడు. విని ఆనందించాల్సిన నేను ఎగిరి రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"అబద్ధం! నాను కాదు! అంతా రత్నమే సేసినాడు! ఆట ఆడిదే, మంగళవారం ఆడిదే, పేరు కూడా ఆడిదే పెట్టండి! నాకు ఈ పాచికలు ఎటు తిప్పాలో కూడా తెల్దు!"

 ముఖర్జీ మాస్టారు కళ్ళు ఒత్తుకున్నారు. "కీ బినయ్! ఎంత వినయం!" ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. నా జీవితంలో అంతమంది నాకోసం చప్పట్లు కొట్టడం అదే మొదలు. పార్వతి మాత్రం సంచీ రెండు చేతులతో పట్టుకునే ఉంది.

కప్పు సంగతి తేలకముందే పార్వతి నన్ను రిక్షా ఎక్కించింది. మా గుమ్మం ఎక్కాక అంది.

"బారుకెళ్ళినందుకు కాదు నా కోపం. సరోజినక్కకి ఆళ్ళాయన అట్టముక్క మీద గీసి మరీ నేర్పినాడు. మీరు ఊరందరికీ గురూజీ. ఇంట్లో నానొకర్తిని ఉన్నానని గుర్తు లేదేటి?"

 పార్వతి కూడా అసూయతోనే మండుతోందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ ఆ జబ్బు నా ఒక్కడికే ఉందనుకున్నాను. మర్నాడే వంటింట్లో పీట వేసుకుని నేర్పాను. బుద్ధిగా నేర్చుకుంది, బుద్ధిగా నన్ను ఓడించడం మొదలుపెట్టింది. ఆట కూడా, ఆడేవాళ్ళందరితో సహా, బారు వదిలి, ఆదివారం సాయంత్రాలు రత్నం వరండాకు మారింది.

ఆ వరండాలోనే ఒకరోజు నా బండారం నేనే బయటపెట్టాను. చాడీలు చెప్పడానికే వెళ్ళానని వదిన దగ్గర ఒప్పుకున్నాను. రత్నం పడీ పడీ నవ్వాడు. "నామీద అసూయా? ఓలమ్మ! ముందే సెప్పుంటే ఓడిపోయేవోణ్ణి కదరా!" నేను అందరి ముందు లేచి నిలబడి, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. నిమ్‌పురా యార్డులో నిలబడిన ప్రతి వ్యాగను సాక్షిగా, ఈ జన్మలో ఇంకెప్పుడూ స్నేహితుడి మీద అసూయపడను, పడినా వాడి పెళ్ళానికి చాడీలు చెప్పను, చెప్పినా మా ఆవిడకి నిజం చెప్పాకే వెళ్ళి చెబుతాను.

ప్రమాణం ముగిసేసరికి అందరి కళ్ళూ చెమర్చాయి. ముఖర్జీ మాస్టారు లేచి వచ్చి, నన్ను దాటుకుని వెళ్ళి, నాలాంటి వాడిని కూడా ఇంతగా మార్చినందుకు రత్నాన్ని కౌగిలించుకున్నారు.