శబరి కథ చెప్పిన నోరు

శ్రీరామచంద్రా, నీకు కోటి దండాలు. ఎంగిలి పండులో ప్రేమను మాత్రమే రుచి చూసిన స్వామీ, ఈ నాలుగు మాటలూ నీ పాదాల దగ్గర పెట్టి మొదలుపెడుతున్నాను.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక మా వారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి నాంపల్లిలో కిరాయికి దిగాం. కొన్నాళ్ళకు స్టేషను దగ్గరి సందులో మా భజన సమాజం వాళ్ళం అప్పడాల కేంద్రం పెట్టాం. ఇంట్లో ఆసరా లేని ఆడవాళ్ళు అక్కడ పనిచేసి, వచ్చింది సమంగా పంచుకునేవారు. ఏకాదశి సాయంత్రాలు పురాణం చెప్పేది నేనే. శబరి ఘట్టం వస్తే రాగం తీసి చెప్పేదాన్ని. వినేవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకునేవారు.

ఒక వేసవిలో విదేశం నుంచి కాలేజీ పిల్లలు మా కేంద్రం చూడటానికి వచ్చారు. ఇలాంటిది తమ ఊళ్ళోనూ పెట్టాలని వాళ్ళ కోరిక. అబిడ్స్‌లో చదువుకుంటున్న నా మేనకోడలు వాళ్ళ మాటలు మాకు, మా మాటలు వాళ్ళకు చెప్పింది.

వాళ్ళలో ఒక పిల్ల చెప్పులు వాకిట్లో విడిచి వచ్చి నా పక్కన బాసింపట్టు వేసుకుంది. పిండి ముద్దకు నూనె అద్ది రుచి చూడమని చేతికిస్తే కొరికి చూసింది. మిరియాల ఘాటుకు కళ్ళు చెమర్చినా నవ్వింది. కొరికిన ముద్దను పళ్ళెంలోని పిండిలో కలిపేసి, మాలాగే పిసకసాగింది.

అప్పడాల కర్రలన్నీ ఆగిపోయాయి.

ఎంగిలి. నేను పళ్ళెం లాగి దూరంగా గోనెపట్టా మీద పెట్టేశాను. ఆ పిల్ల ఎందుకన్నట్టు చూసింది. మేనకోడలు తడబడి ఏదో చెప్పి, నా వైపు తిరిగింది.

"తను కలిపిన పిండిని గుర్తుగా దాచుకుంటున్నావని చెప్పాను అత్తయ్యా. ఎంగిలని ఎలా చెప్పను?"

పిల్ల మొహం వెలిగిపోయింది. దాచడమెందుకు, అందరం తిందామన్నట్టు లేచి వెళ్ళి ఆ పళ్ళెమే తెచ్చి, ముద్దలు చేసి, మొదటిది నాకు చాపింది. అందరి కళ్ళూ నా మీదే. నేను తింటే అందరూ తింటారు.

"ఇవాళ నాకు ఉపవాసమని చెప్పవే," అన్నాను.

గౌలిగూడ నుంచి వచ్చే ఆవిడ, పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, తల ఎత్తింది.

"ఏంది అక్కా, పొద్దుగాల నేను దెచ్చిన ఉప్మా తింటివి గదా. గింతట్ల ఉపాసం యాడికెల్లొచ్చె?"

"నువ్వూరుకో చెల్లీ."

"ఊకుంట తీ. మొన్న శబరి కత జెప్పి మమ్మల్ని ఏడ్పిస్తివి. గా ముద్ద ఇటిప్పియ్. రాముడు లేకుంటే నేనన్న తింట."

తింది. "ఔ, ఉప్పు మంచిగ కుదిరింది," అంది.

నా ఉపవాసం సంగతి విని ఆ పిల్ల తప్పయిందన్నట్టు నాకు చేతులు జోడించింది. తర్వాత మొజంజాహీ మార్కెట్ నుంచి తెప్పించిన మామిడిపండు ఐస్‌క్రీం పంచాం. ఆ పిల్ల మాత్రం కప్పు ముట్టలేదు.

"నువ్వు పస్తుంటే తనెలా తింటానంటోంది అత్తయ్యా. ఇవాళ తనకూ ఉపవాసమేనట."

నేను ఆ పిండిలోంచి ఒక్క ముద్ద నోట పెట్టుకుంటే ఆ పిల్ల తినేది. పెట్టుకోలేకపోయాను. ఐస్‌క్రీం కరిగి పచ్చటి నీళ్ళయింది. దాహంతో పెదవులు ఎండినా, వాళ్ళ బస్సు వచ్చేదాకా ఆ పిల్ల నాకు తోడుగా కూర్చుంది.

తర్వాతి ఏకాదశినాడు శబరి ఘట్టం దగ్గర నా నోరు పెగల్లేదు. గౌలిగూడ చెల్లెలు నా మొహం చూసి మెల్లగా, "గా కత మాకెరుకే గదక్కా, ముంగటికి పో," అంది.

చదువుతున్న తల్లులారా, నాతో కలిసి ఒక్కమాట అనండి. రామా, నీకు నైవేద్యం పెట్టి మనిషిని వెనక్కి నెట్టిన చేతిని మన్నించు. నీ కథ చెప్పి ఉపవాసమని బొంకిన నోటిని మన్నించు. నా అబద్ధాన్ని నమ్మి ఆ పిల్ల ఉన్న పస్తును నిజమైన ఏకాదశిగా స్వీకరించు. ఏ దేశంలో ఉన్నా ఆమె కడుపు చల్లగా ఉంచు.