దేవకుమారి సొంత ఫారం

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో తెలుగువాళ్లెవరికైనా డాక్టరు కావాల్సి వస్తే ముందు దేవకుమారికి ఫోన్ చేస్తారు. ఏ క్లినిక్‌లో కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారో, ఏ డాక్టరు పేషెంటు చెప్పింది పూర్తిగా వింటాడో, ఎవరు కంప్యూటర్ వంక చూస్తూ తలాడిస్తారో ఆమెకు కంఠతా వచ్చు. కార్ల బ్రేకుల విడిభాగాలు చేసే కంపెనీలో పద్నాలుగేళ్లుగా క్వాలిటీ ఇంజినీరు. రోజంతా కాగితాల్లో, కొలతల్లో తప్పులు పట్టడమే పని. కొత్త పేషెంటు ఫారం చేతికిస్తే ఆరు పేజీలూ పావుగంటలో నింపి, సంతకం చేయాల్సిన చోట ఇంటూ మార్కు పెట్టి మరీ ఇస్తుంది.

ఆ శనివారం ఆమె వెంట వచ్చింది నైనిక. కరీంనగర్ పిల్ల, ఎమ్మెస్ చదువుతోంది. మూడు వారాలుగా దగ్గు తగ్గడం లేదు. బయట సన్నగా మంచు పడుతోంది. దేవకుమారి అలవాటు ప్రకారం హీటరు పక్కన కూర్చుని ఆ అమ్మాయి ఫారం నింపేసి, తీసుకెళ్లి కౌంటర్‌లో ఇచ్చింది.

కౌంటర్‌లో ఉండే మార్లీన్ కాగితాలు అందుకుని కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఈ ఏడాది నువ్వు తొమ్మిదిమందిని తీసుకొచ్చావు. నీ డాక్టరెవరు?"

"నాకున్నారు," అంది దేవకుమారి.

"ఎక్కడ?"

"భీమవరంలో."

ఆ ఊరు మిషిగన్‌లో ఏ మూల ఉందోనని మార్లీన్ కాసేపు ఆలోచించింది. ఇండియాలో ఉందని తెలిశాక సొరుగు లాగి ఇంకో ఫారం తీసి అట్టకు తగిలించింది. "పదకొండింటికి రావాల్సిన కొత్త పేషెంటు మంచుకి భయపడి రానన్నాడు. ఆ టైమ్ నీది," అంది.

"నాకేం జబ్బు లేదు."

"మంచిది. ఆ మాట డాక్టరుకే చెప్పు."

వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు వాదించడం బాగుండదని దేవకుమారి అట్ట పట్టుకుని వెనక్కి వచ్చి కూర్చుంది. పెన్ను తీసింది. మూత పెట్టింది. మళ్లీ తీసింది.

"ఏమైంది ఆంటీ? రాస్తలేరు?" అంది నైనిక.

"కళ్లజోడు మర్చిపోయానే."

"పెట్టుకునే ఉన్నారు కదా." నైనిక మెల్లగా అట్ట లాక్కుంది. "నేను రాస్తా, మీరు చెప్పండి. డేట్ ఆఫ్ బర్త్?"

"నిజందా, సర్టిఫికెట్‌దా?"

"రెండున్నాయా?"

"స్కూల్లో వేసేటప్పుడు మా నాన్న పది నెలలు పెంచేశాడు. ఇంట్లో అల్లరి పడలేక."

నైనిక సర్టిఫికెట్ తేదీ రాసింది. ఎమర్జెన్సీ కాంటాక్ట్ అడిగితే దేవకుమారికి భర్త నంబరు గుర్తు రాలేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ నంబరు వేళ్లతో నొక్కిన పాపాన పోలేదు. ఫోన్‌లో వెతికితే 'పాలు తెండి' అన్న పేరు మీద ఉంది.

"ఎలర్జీలు?"

"మా ఆడపడుచు."

నైనిక నవ్వాపుకోబోతే దగ్గు తెర వచ్చింది. తేరుకుని 'లేవు' అని రాసింది.

"వ్యాయామం వారానికి ఎన్నిసార్లు?"

"ఆదివారం చర్చి క్వయర్‌లో గంటన్నర నిలబడతాను. అది రాయి."

"ఆంటీ, అది వ్యాయామం కాదు."

"ఆల్టో గొంతులో పాడి చూడు, తెలుస్తుంది."

అలా నాలుగో పేజీకి వచ్చారు. కుటుంబంలో ఎవరికి ఏమేం జబ్బులున్నాయో రాయాల్సిన పేజీ. ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతున్న దేవకుమారి అక్కడ ఆగింది.

"దాన్ని వదిలెయ్యి. ఎవరూ చూడరు."

"మొన్న దామోదర్ అంకుల్ తన ఫారంలో షుగర్ సంగతి రాయనంటే మీరే కదా తిట్టారు? దాస్తే డాక్టరు ఏం చేస్తాడని."

దేవకుమారి కిటికీలోంచి పార్కింగ్ లాట్‌లో మంచు తోస్తున్న బండి వంక చూసింది. అది ఒక వరస పూర్తి చేసి వెనక్కి తిరిగేదాకా చూసింది.

"అమ్మకి స్ట్రోక్ వచ్చింది. పొద్దున్న టీ పెడుతూ పడిపోయింది. యాభై నాలుగేళ్లకి."

నైనిక ఆ గడిలో రాసింది. తర్వాత మొదటి పేజీకి తిప్పి పుట్టిన తేదీ చూసింది. దేవకుమారికి యాభై మూడు. ఆ అమ్మాయి పేజీ మళ్లీ తిప్పి, "స్మోకింగ్?" అని అడిగింది.

"చంపుతాను," అంది దేవకుమారి.

ముందు నైనికని పిలిచారు. వైరల్ దగ్గు తాలూకు మిగులే, గదిలో హీటరు గాలికి గొంతు ఎండిపోతోంది అని చెప్పి పంపించారు. పదకొండింటికి దేవకుమారిని పిలిచారు. నర్సు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి, మళ్లీ కొట్టింది. రెండోసారి కొలత తీశారంటే మొదటిది హద్దు దాటిందని అర్థం. ఆ సంగతి దేవకుమారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలో ఆమె చేసేదీ అదే.

నూట డెబ్బై రెండు బై నూట నాలుగు.

డాక్టరమ్మ చిన్న వయసుది. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. పొద్దున్నే తలనొప్పి వస్తోందా అని అడిగింది. వస్తోంది, ఆఫీసులో తన సీటు పైనున్న ఏసీ వల్ల అంది దేవకుమారి. శని, ఆదివారాలు కూడా వస్తోందా అని అడిగింది డాక్టరమ్మ. వస్తోందని దేవకుమారి తలూపింది.

"మీ అమ్మగారు బీపీకి మందులు వాడేవారా?"

"తనకి బీపీ ఉందని తెలిస్తే కదా వాడటానికి. ఆవిడెప్పుడూ చూపించుకోలేదు. ఊళ్లో అందర్నీ రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లేది, తను మాత్రం..."

గోడ మీద చక్కని గుండె బొమ్మ ఉంటే దేవకుమారి దాన్నే చూస్తూ కూర్చుంది. దాని మీంచి చూపు తిప్పకుండానే, "ఆ మాత్రలేవో రాయండి, వేసుకుంటాను," అంది.

రక్తం తీస్తున్నప్పుడు నైనిక పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. దేవకుమారి ఎంత గట్టిగా నొక్కిందంటే, పరీక్ష ఎవరికో తెలియక నర్సు ఇద్దరి మొహాలూ చూసింది. మధ్యలో భర్త ఆనందబాబు ఫోన్ చేశాడు. ఇవాళ ఎవరికి బాగోలేదని అడిగాడు. "నాకే," అంది. ఇరవై నిమిషాల్లో ఆయన బాత్రూమ్ చెప్పులతో మంచులో నడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "బూట్లు వేసుకోవద్దా?" అని అందరి ముందూ కేకలేసింది గానీ, ఇంటికి వెళ్లేటప్పుడు తను కారు నడపకుండా తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

మరుసటి వారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల సమయానికి దేవకుమారి లేచి మైకు అందుకుంది. కొడుకు ఎవాన్‌కి ఉద్యోగం వచ్చిందేమోనని అందరూ వినడానికి సర్దుకుని కూర్చున్నారు.

"నాకు బీపీ ఉంది," అంది. "ఉందని ఎనిమిది రోజుల క్రితం దాకా నాకు తెలీదు. మాత్ర వేసుకుంటున్నాను, పొద్దున్న నూట నలభై రెండు ఉంది. దేవునికి స్తోత్రం. ఇప్పుడు మీలో ఎవరెవరికి ఇక్కడ డాక్టరు లేడో చేతులెత్తండి."

అందరూ పక్కవాళ్ల వంక చూశారు. వెనక వరసలో కుర్రాళ్లు నలుగురు ముందు ఎత్తారు. తర్వాత ఇంకొన్ని చేతులు ఒక్కొక్కటీ లేచాయి. పదకొండు. పాస్టరుగారు బైబిలు పేజీలు తిప్పుతూ ఉండిపోయారు. ముందు వరసలోంచి ఆయన భార్య పర్సిస్ లేచి వెళ్లి, ఆయన మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది. పన్నెండు.

కింద హాల్లో బిర్యానీ చల్లారిపోతోందని ఎవరో వచ్చి చెప్పారు. "రెండు నిమిషాలు," అని దేవకుమారి ఫారాల కోసం వాళ్ల పుట్టిన తేదీలు రాసుకోవడం మొదలుపెట్టింది.