మామ కట్టని పరదా

మొన్న మా కామారెడ్డి ఇంటికి ఓట్లడగడానికొచ్చిన పెద్దమనిషిని వీధిలోని కల్లు దుకాణం ఉంచుతావా తీయిస్తావా అని అడిగితే, ఉండాలనేవాళ్ళనూ వద్దనేవాళ్ళనూ నొప్పించకుండా, "అందర్నడిగి చేద్దం అవ్వా, తొందరేముంది" అని దండం పెట్టి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో మా మేనమామ నోట విన్న మాటే అది.

అప్పట్లో ఎల్లారెడ్డిలో మేముండే వాడలో చదువుకునే గది ఒకటి ఉండేది. దానికి రెండేళ్ళకోసారి చేతులెత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు. ఆ ఏడు ఆడవాళ్ళను లోపలికి రానివ్వాలా వద్దా అని తగాదా. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో ఉన్న మా అక్క, పొట్లాల కాగితాలు కూడా విప్పి చదువుకునే మనిషి, ఆ గది కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది.

మామ పోటీకి దిగాడు. రానివ్వాలనే పంతుళ్ళు కొందరు, వద్దనే దొరలు కొందరు, ఎటూ తేల్చుకోని నేతగాళ్ళే ఎక్కువమంది. మామ వాళ్ళనే పట్టుకున్నాడు. నడుమ పరదా కడితే ఎవరికీ ఇబ్బంది ఉండదని నచ్చజెప్పి, ఆ బట్ట వాళ్ళ మగ్గం మీదే నేయించాడు. పరదా నాలుగు రోజులే, తర్వాత తీసేద్దామని పంతుళ్ళతో, అసలు కట్టేదే లేదు, ఆడవాళ్ళు వచ్చేదే లేదని దొరలతో చాటుగా చెప్పాడు. గెలిచాడు.

గెలిచాక ఆ బట్ట మామ సవారీ బండికి పైకప్పయింది. అక్క అడిగినప్పుడల్లా "జర ఆగు బిడ్డా, అందర్నడిగి చేద్దం" అనేవాడు. అక్క ఆగింది. రెండో వానాకాలంలో కలరా సోకి చనిపోయింది.

ఎంత ఏడ్చినా నా కడుపుమంట చల్లారలేదు. మళ్ళీ ఎన్నిక జరిగే పొద్దున బండి మీది బట్ట నేనే విప్పుకొచ్చి, ఆ గదిలో అడ్డంగా కట్టి, వాడకట్టు ఆడవాళ్ళతో దాని వెనక కూర్చున్నాను. మగవాళ్ళంతా చేరాక అడిగాను: "మామా, నువ్వు నేయించిన పరదా కట్టిన. ఇగ మమ్ముల కూసోమంటవా, పొమ్మంటవా?"

పలచబడిన బట్టలోంచి నాకంతా కనబడింది. మామ పంతుళ్ళ వైపు చూశాడు, దొరల వైపు చూశాడు, కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఏం చెప్పినా ఎవరో ఒకరికి దొరికిపోతాడు. ముసలి నేతగాడొకాయన లేచి, "మా బట్ట నీ బండి మీద ఎలిసిపోయింది. ఇగ మా చెయ్యి నీకు లెవ్వది" అన్నాడు. మామ ఓడాడు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది. మామ బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు.

ఇప్పుడు అక్కడ ఆడపిల్లలు ఏ అడ్డూ లేకుండా పరీక్షలకు చదువుకుంటున్నారు, పరదా సంగతి చెబితే నవ్వుతారు. ఓట్లకొచ్చేవాళ్ళే మారలేదు. తొందరేముంది అన్నాడు మొన్నటి పెద్దమనిషి. తొందర మా అక్కకు ఉండేది.