డీజిల్ ట్యాంకు మూతకు నేను చేసిన సేవ

ఆ రోజుల్లో నాకున్న ఆస్తి ఒక డైరీ, దాని నిండా ఇతరుల తప్పులు. ఇరవై రెండేళ్ళ వాణ్ణి, మార్టూరు దగ్గర ఒక పత్తి మిల్లులో గుమస్తాని. లోకం సరిగ్గా నడవకపోవడానికి కారణం నాలా ఎవరూ రాసుకోకపోవడమేనని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పటికీ కొంచెం నమ్ముతాను. మా ఆవిడకు చెప్పకండి.)

మిల్లుకు ఒక ముసలి లారీ ఉండేది. దాన్ని నడిపే పెద్దాయనను అందరం బాబాయి అనేవాళ్ళం. స్టీరింగు పట్టుకుంటే చాలు, చర్చి పాటలు ఎత్తుకునేవాడు. ఇంజను వంత పాడేది. ఆ సీజనులో ఉన్నట్టుండి వంత తప్పింది. లోడుతో పది మైళ్ళు బుద్ధిగా పోయేది, ఆ తర్వాత దగ్గు, కుదుపులు, ఎక్సలేటర్ ఎంత తొక్కినా ఈసురోమనడం. మిస్సింగ్ అన్నారు, అంటే ఏదో ఒక సిలిండరు పనిచేయడం లేదని. మెకానిక్ వచ్చి, ఇంజను స్టార్టు చేయించి, ఒక్కో సిలిండరుకు పోయే డీజిల్ పైపు నట్టును వదులు చేసి విన్నాడు. ఏది వదులు చేసినా శబ్దం మారింది, అంటే ఆరూ పనిచేస్తున్నట్టే. "బండికేం రోగం లేదండీ, ఉంటే డ్రైవరుకే ఉంది," అని చేతులు తుడుచుకున్నాడు.

మిల్లు యజమాని షావుకారు గారు ఆ మాటే పట్టుకున్నారు. "డీజిల్ అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడ్రా వీడు! నువ్వు పక్కన కూర్చుని అంతా రాయి. గుంటూరు వెళ్ళొచ్చేలోగా తేలకపోతే వాణ్ణి రేపట్నుంచి పన్లోకి రావద్దంటాను." ఆ వయసులో బాబాయికి ఇంకో లారీ ఇచ్చేవాళ్ళు లేరు. నాకు మాత్రం పండగ్గా ఉంది.

పత్తి బేళ్ళతో బయలుదేరాం. దగ్గిన ప్రతి దగ్గూ రాశాను.

"ఏం రాస్తన్నావు అబ్బాయ్?"

"మైలురాళ్ళు, బాబాయ్."

"మైలురాళ్ళు రాయటానికి నా మొహం చూడాలంట్రా?"

చిలకలూరిపేట దాటాక లారీ ఆగిపోయింది. కిరసనాయిలు వాసన పట్టుకుందామని (సాక్ష్యం!) దిగి ట్యాంకు మూత తిప్పాను. ఉస్స్‌మని గాలి లోపలికి పోయింది. డీజిల్ వాసన తప్ప మరేమీ లేదు. బాబాయి ఇంజనుకు డీజిల్ ఎక్కించే చేతిపంపు కొట్టి స్టార్టు చేస్తే ఇంజను శుభ్రంగా పలికింది. పది మైళ్ళకు మళ్ళీ దగ్గు, మళ్ళీ మూత, మళ్ళీ ఉస్స్. ఈసారి బాబాయి మూత లాక్కుని ఎండకు పట్టి చూశాడు. "దీనికి గాలి కన్నం ఉండాలే! గాలి లోపలికి పోకపోతే డీజిల్ ఎట్టా లాగుద్ది? ఏ ఎదవ మూశాడ్రా దీన్ని?"

ఆ ఎదవ నాకు బాగా తెలుసు. మిల్లులో డ్రమ్ములోంచి డీజిల్ పోయించేది నేనే. కన్నంలోంచి పత్తి దుమ్ము ట్యాంకు లోపలికి పోతోందని, నెల క్రితం మేలైన దూది కూరి, పైన కొవ్వొత్తి మైనంతో సీలు వేసి, 'లారీ ఆరోగ్య రక్షణ' అని డైరీలో శీర్షిక పెట్టి మరీ రాసుకున్నాను.

ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించింది. (డైరీ ప్రకారం ఏడు నిమిషాలు.) తర్వాత "నేనే బాబాయ్," అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. "చదువుకున్నోడివి," అన్నాడు, అంతే. పిన్నీసుతో కన్నం తెరిచి, గుంటూరు దాకా పాడుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చాక షావుకారు గారి ముందు అంతా ఒప్పుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, బాబాయి వైపు తిరిగారు. "ఏం చేద్దామంటావు? వీణ్ణి మాన్పించెయ్యనా?"

బాబాయి అడ్డంగా తల ఊపాడు. "ఉండనీండి బాబూ, పిల్లోడు. లారీ దగ్గరికి మాత్రం రానీమాకండి."

నిన్న డైరీలో 'లారీ ఆరోగ్య రక్షణ' పేజీ మళ్ళీ చదివాను. అది రాసిన కుర్రాడి మీద ఇప్పుడు కోపం రావడం లేదు. మైనం ఎంత శ్రద్ధగా వేశాడో, పాపం.